మన చుట్టుపట్ల: గంట ఒకచోట, గోపురం ఒకచోట



మన పద్మనగరు వారికి యాత్రలంటే మహా ప్రీతి. సాంచెలు ఆగిన నాడు నలుగురూ కలిసి బండి మాట్లాడుకొని వజ్రేశ్వరికి పోయి, వేణ్ణీళ్ల గుండాలలో స్నానం చేసి, అమ్మవారికి కొబ్బరికాయ కొట్టి రాని కుటుంబం మనలో లేదనే చెప్పవచ్చు. నాసిక పోతాము, పంచవటిలో గోదావరి స్నానం చేస్తాము. శ్రావణమాసం వచ్చిందంటే భీమశంకరం కొండ ఎక్కుతాము. ఈ మూడు యాత్రలూ నేను ముప్ఫయి ఏండ్లకు పైగా చేస్తున్నాను. అయితే ఈ మూడింటినీ కలిపే కథ ఒకటి వున్నదనిన్నీ, అది మనకు కూతవేటు దూరంలో వున్న వసై చర్చీల కథ అనిన్నీ నాకు ఇటీవలి వరకూ తెలియదు. తెలియజేసింది మా మనుమరాలు. తెలియజేసింది అనడం కూడా సరికాదు. ఒక ప్రశ్న వేసి నన్ను ఇరుకున పెట్టింది.

మొన్న శ్రావణంలో దానిని వెంటబెట్టుకొని భీమశంకరం వెళ్లాను. అక్కడ గుడి ఎదుట ఒక పెద్ద కంచుగంట వేలాడుతూ వుంటుంది. మీరూ చూసే వుంటారు. మన గుళ్లలో సాధారణంగా కనపడే గంటల వలె కాక, నోరు వెడల్పుగా, నడుము సన్నగా, భారీగా వుంటుంది. దానిమీద ఒక తల్లి, ఆమె చేతిలో ఒక బిడ్డ, పోతపోసిన బొమ్మ. ఆ బొమ్మను చూపి, “యశోదమ్మ, చిన్ని కృష్ణుడు, మొక్కుకో బిడ్డా” అన్నాను. ఎన్నో ఏండ్లుగా అందరికీ నేను అట్లాగే చెబుతూ వచ్చాను. ఎవరూ కాదన్నవారు లేరు.

అది మొక్కుకున్నది. మొక్కుకొని, గంట చుట్టూ ఒకసారి తిరిగి వచ్చి, “తాతా, యశోదమ్మ అయితే మరి గంట మీద ఇంగ్లీషు అంకెలు ఎందుకున్నయి?” అని అడిగింది.

నేను నోరు తెరిచాను గాని మాట రాలేదు. ప్రక్కనే వున్న ఒక మరాఠీ పెద్దమనిషి నవ్వి, “అది మరియమ్మ, బాలయేసు. ఈ గంట వసై చర్చిది. చిమాజీ అప్పా తెచ్చి శివునికి సమర్పించాడు” అని చెప్పాడు. మా పిల్ల వెంటనే, “చిమాజీ అప్పా మా బడి పుస్తకంల ఉన్నడు తాతా!” అన్నది. ముప్ఫయి ఏండ్లు మ్రోగించిన గంట ఎక్కడిదో నాకు తెలియదు. ఎనిమిదవ తరగతి పిల్లకు సగం తెలుసు. తక్కిన సగం తెలుసుకొనేందుకు మేమిద్దరం ఒక ఆదివారం వసై వెళ్లాము. ఆ ముచ్చట ఈ నెల మీతో పంచుకొంటున్నాను.

ముందు కొంచెం చరిత్ర. గుజరాతు సుల్తాను బహదూర్ షా, ఢిల్లీ వైపునుంచి హుమాయూను వల్ల భయం తోచి, పోర్చుగీసు వారి సాయం కోరి, 1534లో వసైను, దాని చుట్టుపట్ల భూములను వారికి రాసి ఇచ్చాడు. బొంబాయి ద్వీపాలు కూడా అందులో చేరినవే. అప్పటి నుంచి రెండు వందల ఏండ్లకు పైగా వసై పోర్చుగీసు వారి వుత్తర ప్రాంతానికి రాజధానిగా వెలిగింది. సముద్రం ఒడ్డున కోట కట్టారు. కోటలో ఒక్కొక్క సన్యాసి సంఘం వారు ఒక్కొక్క చర్చి, మఠం కట్టుకొన్నారు. ఫ్రాన్సిస్కన్లు, జెసూటులు, డొమినికన్లు, ఆగస్టీనియన్లు. కోట బయట పల్లెపల్లెకూ ఒక చర్చి వెలసింది.

ఈ చర్చీలు అన్నీ శాంతంగా వెలిశాయని చెబితే అబద్ధమవుతుంది. ఆ కాలంలో పోర్చుగీసు ఏలుబడిలో ఎన్నో హిందూ దేవాలయాలను పడగొట్టారు. బోరివలి దగ్గర మండపేశ్వర గుహలున్నాయి; శివాలయమైన ఆ గుహను చర్చిగా మార్చి వాడుకొన్నారు. గోవాలో 1560లో పెట్టిన మతవిచారణ న్యాయస్థానం భయం ఈ తీరం మీద కూడా వుండేది. కనుక 1737లో మరాఠీలు సాష్టీ మీదికి వచ్చినప్పుడు వారి వెనుక రాజ్యకాంక్ష ఎంత వున్నదో, జనంలోని నొప్పి కూడా అంత వున్నది. పేష్వా బాజీరావు తమ్ముడు చిమాజీ అప్పా సేనాపతి. వసై కోట తనకు స్వాధీనమైతే గుడి కట్టిస్తానని ఆయన వజ్రేశ్వరీ అమ్మవారికి మొక్కుకొన్నాడట. 1739 మే నెలలో కోట లొంగింది. మొక్కు తీరింది. మనం 52 మెట్లెక్కి దర్శనం చేసుకొనే వజ్రేశ్వరీ ఆలయం ఆ మొక్కుబడి ఆలయమే. దాని చుట్టూ కోటగోడ ఎందుకున్నదా అని ఎన్నడైనా అనుకొన్నారా? కోట గెలిచినవారు కట్టించిన గుడి గనుక కోటలాగే వున్నది.

గెలిచినవారు చర్చి గోపురాలలోని గంటలను దించి తీసికొని పోయారు. కంచు ఆ రోజులలో చాలా విలువైన లోహం. మూడు నాలుగు పాళ్లు రాగి, ఒక పాలు తగరం కలిపి పోస్తే కంచు అవుతుంది. చర్చి గంటకూ, గుడి గంటకూ, ఫిరంగికీ లోహం ఇంచుమించు ఒక్కటే. దేశదేశాలలో యుద్ధాలు వచ్చినప్పుడు గంటలను కరిగించి ఫిరంగులు పోయడం మామూలు. మరాఠీలు వీటిని కరిగించలేదు. ఏనుగుల మీదనో బండ్ల మీదనో ఘాట్లెక్కించి దేవుని ముందు కట్టారు. తల్లీ బిడ్డల బొమ్మను చెక్కివేయను కూడా లేదు.

ఆ గంటలలో ఒకటి భీమశంకరంలో వున్నది. ఒకటి వాయి దగ్గర మేణవలిలో, నానా ఫడ్నవీసు వాడా వెనుక, కృష్ణానది ఘాటు మీద శివాలయం దగ్గర వున్నది. ఇంకొకటి నాసికలో గోదావరి ఒడ్డున నారోశంకర ఆలయం ప్రాకారం మీద వున్నది. దానిమీద 1721 అని పోతపోసి వున్నది. ఇంకా కొన్ని పూనా వైపు గుళ్లలో వున్నాయి. ఇక్కడ ఒక విశేషం గమనించండి. నాసిక గంట గోదావరి మీద మ్రోగుతుంది. ఆ నీరు బాసర, ధర్మపురి, భద్రాచలం మీదుగా రాజమహేంద్రవరం పోతుంది. మేణవలి గంట కృష్ణ మీద మ్రోగుతుంది. భీమశంకరం భీమానదికి పుట్టినిల్లు. ఆ భీమ పోయి తెలంగాణం సరిహద్దులో కృష్ణలో కలుస్తుంది. వసై చర్చి గంటలు మూడూ మన తెలుగుదేశానికి పోయే నీటి మీదనే మ్రోగుతున్నాయి. మనవాళ్లేమో ఆ నీటికి ఎదురు నడిచి ఇక్కడికి వచ్చి సాంచెలు పెట్టుకొన్నారు!

ఇక వసై ప్రయాణం. భివండీ రోడ్డు స్టేషనులో రైలెక్కితే ఖర్బావ్, కామన్ రోడ్డు, జూచంద్ర దాటి వసై రోడ్డులో దిగవచ్చు. దారి పొడుగునా ఖాడీ నీళ్లు, ఉప్పు మడులు. స్టేషను నుంచి కోటకు బస్సు వున్నది. కోట ద్వారం దాటి లోపలికి పోతే చింతచెట్లు, తాటిచెట్లు, వాటి నడుమ నల్లటి మొండిగోడలు. ఒకప్పటి పట్టణం యావత్తూ ఇప్పుడు చెట్ల పాలు.

సముద్రం వైపు ద్వారం దగ్గర ఒక ఎత్తైన గోపురం నిలిచి వుంది. అది సెయింటు జోసెఫ్ చర్చి. పోర్చుగీసు వారు దానిని ‘మాత్రీజ్’ అనేవారు. అంటే తల్లి చర్చి, పట్టణానికంతటికీ విచారణ చర్చి. తెలుగు కతోలికులు ఒక గురువు చేతి కింది వూళ్లను ‘విచారణ’ అంటారు, చక్కని మాట. జనం పుట్టుక, పెండ్లి, చావు విచారించే చోటు అది. ఈ మాత్రీజ్ 1546లో మొదలై 1601లో పెంచి కట్టబడింది.

చర్చి కట్టడం తెలియాలంటే కప్పు పడిపోయిన చర్చిని చూడాలి. మగ్గం మీద గుడ్డ నిండా నేసివుంటే పడుగు కనపడదు. సగం నేసిన గుడ్డలో పడుగు పోగు పోగూ లెక్క పెట్టవచ్చు. అదే విధంగా ఇక్కడ ఎముకలన్నీ కనపడతాయి. చర్చి అంటే మొదట ఒక పొడవైన సావడి. అందులో జనం నిలుస్తారు. ఆ సావడి కొసన దానికంటె ఇరుకైన గది ఒకటి. అందులో బలిపీఠం. మన గుడిలో మండపమూ గర్భగుడీ అనుకోండి. కాని మన గర్భగుడి చీకటిగా, మూసుకొని వుంటుంది. వారి పీఠం సావడిలో ఏ మూల నిలిచినా కనపడాలి. అందుకని రెంటి మధ్య గోడ కట్టకుండా పెద్ద రాతి కమాను ఎత్తుతారు. సావడి మీద కప్పు కొయ్య దూలాలు, పెంకు. పీఠం మీది కప్పు మాత్రం రాతితోనో ఇటుకతోనో సొరంగం వలె వంచి కట్టిన పందిరి. ఈ భేదం వల్లనే సావడి కప్పు కూలి ఆకాశం కనపడుతున్నా, పీఠం మీది కమాను ఇంకా నిలిచి వున్నది. కొయ్యకు చెద పట్టింది, రాతికి పట్టలేదు.

గోడలు మన ఈ ప్రాంతపు నల్లరాయి, సున్నం. మందం మూర మీద మూర. ద్వారం ప్రక్కల స్తంభాలు, వాటిమీద దూలం, ఇవన్నీ యూరపు మోస్తరు నకాసీ. కాని ఆ రాయి చెక్కిన చేతులు ఇక్కడివే. వసై రాతికి ఎంత పేరంటే, గోవాలో సెయింటు ఫ్రాన్సిస్ జేవియరు దేహం వున్న బోం జీసస్ చర్చి ముఖభాగానికి చెక్కడపు రాయి వసై నుంచే పడవలలో పోయింది. ఆ చర్చి 1594లో మొదలై 1605లో పూర్తయింది. గోవా వెళ్లినవారు దాని ముఖం చూసి మెచ్చుకొంటారు గదా. మెచ్చుకొన్నది మన ఇరుగుపొరుగు రాతినే సుమా.

గోపురంలో మెలి తిరిగిన రాతిమెట్లు పైకి పోతాయి. పైన గంటలు వ్రేలాడిన గూళ్లు ఖాళీగా వున్నాయి. మా పిల్ల క్రింద నిలబడి తల ఎత్తి చూసి, “భీమశంకరం గంట ఈ బొక్కలనే ఉండెనా తాతా?” అన్నది. ఇదే గూడో, ఇంకొక చర్చిదో చెప్పలేను. కాని గంట ఒకచోటా గోపురం ఒకచోటా పడివున్న సంగతి ఆ ఖాళీ గూడు చూస్తే మనసుకు పట్టింది.

ఈ చర్చీల నేలలో సమాధి రాళ్లు పరచి వున్నాయి. రాళ్లమీద అక్షరాలు. మా పిల్లకు ఆ అక్షరాలు వచ్చు. ఒక్కొక్కటే కూడబలుక్కొని గట్టిగా చదివింది. చదివింది గాని అర్థం కాలేదు. లిపి ఇంగ్లీషుదే గాని భాష పోర్చుగీసు. “చదువొస్తుంది గాని సమజైతలేదు” అన్నది. ఎవరో ఒక దొర, పేరు ప్రతిష్ఠలు గలవాడు, తన పేరు చిరకాలం నిలవాలని రాతిలో చెక్కించుకొన్నాడు. అక్షరం నిలిచింది. అర్థం చేసుకొనేవారు ఓడలెక్కి పోయారు. ఆ మాట నన్ను అంతటితో వదలలేదు; దానిని మళ్లీ ఎత్తుకొంటాను.

కోటలో ఒక్క చర్చి మాత్రం బాగుచేసి వున్నది. అది జెసూటులది, ఇప్పుడు సెయింటు గొన్సాలో గార్సియా పేర పిలుస్తారు. ఈ గొన్సాలో 1557లో వసైలో పుట్టినవాడు. తండ్రి పోర్చుగీసు, తల్లి ఈ కొంకణపు బిడ్డ. జెసూటుల బడిలో చదివి, వారి వెంట జపాను పోయి, ఆ భాష నేర్చి, కొన్నాళ్లు వర్తకం చేసి, మనీలాలో ఫ్రాన్సిస్కన్ సోదరుడై, మళ్లీ జపాను వెళ్లాడు. 1597 ఫిబ్రవరి 5వ తేదీన నాగసాకిలో ఇరవై ఐదుగురితో పాటు అతనిని శిలువ వేశారు. 1862లో రోములో పునీతుడుగా ప్రకటించారు. భారతదేశంలో పుట్టి ఆ గౌరవం పొందిన మొదటివాడు ఆయనే. పొట్టకూటికో, పనికో దేశం విడిచి పోయి, పరాయి భాష నేర్చి బ్రతికిన ఒక వసై కుర్రవాడి కథగా కూడా దానిని వినవచ్చు. మనకు అది కొత్త కథ కాదు.

అక్కడినుంచి విరారుకు పడమరగా వున్న నందాఖాల్ అనే పల్లెకు వెళ్లాము. అరటి తోటలు, కొబ్బరి చెట్లు, తమలపాకుల తోటలు, పూలమడులు, ఇంటింటికీ బావి. ఆ ప్రక్కనే ఆగాషీ. అక్కడి ఎండబెట్టిన అరటిపండ్లకు ఈ చుట్టుపట్ల మంచి పేరు. ఈ పల్లెలో పవిత్రాత్మ చర్చి వున్నది. విచారణ ఏర్పడింది 1573లో. అంటే మన తెలుగునాట విజయనగరం వారు తళ్లికోట యుద్ధంలో ఓడిన ఎనిమిదేండ్లకు. ఆదివారం గనుక చర్చి నిండా జనం వున్నారు. మరాఠీలో పూజ, మరాఠీలో పాటలు. ముసలి స్త్రీలలో కొందరు ఎర్రని నూలుచీరలు వారి పాతపద్ధతిలో కట్టుకొని వున్నారు. గుడ్డ కనపడితే సాలెవాని కన్ను అక్కడే ఆగుతుంది గదా. మంచి చిక్కని నేత.

పూజ అయిన తరువాత మెట్లమీద కూర్చున్న ఒక ముసలి రైతుతో మాట కలిపాను. పద్మనగరం నుంచి వచ్చామన్నాను. “భివండీ వారా! మా ఇండ్లలో కట్టే గుడ్డ మీదే” అని ఆదరంగా మాట్లాడాడు. కోటలోని చర్చి పడిపోయి, మీ పల్లె చర్చి ఎట్లా నిలిచిందని అడిగాను. ఆయన చెప్పిన జవాబు ఇది:

“రాయిలో తేడా లేదు. కొయ్యలోనూ తేడా లేదు. వాన మాకూ వారికీ ఒక్కటే. కాని మేము వానలకు ముందు పెంకు తిప్పుతాము. వారికి తిప్పేవారు లేరు.”

ఎంత చిన్న మాట! మీరే ఆలోచించండి. 1739లో పోర్చుగీసు దొరలు, తెల్ల గురువులు పోయారు. కోటలోని చర్చీలు సన్యాసి సంఘాలవి, దొరలవి. వారు పోగానే వాటికి దిక్కు లేకపోయింది. 1780లో ఇంగ్లీషువారు వసై పట్టుకొన్నారు; మళ్లీ మరాఠీలకు ఇచ్చారు; 1802 డిశెంబరు 31వ తేదీన రెండవ బాజీరావు తన రాజ్యాన్ని ఇంగ్లీషువారికి తాకట్టు పెట్టిన ఒడంబడిక మీద సంతకం చేసింది ఈ వసైలోనే. ఈ మార్పులలో కోట పట్టణం ఖాళీ అయింది. కొయ్య కుళ్లింది, కప్పు కూలింది, గోడలమీద రావిచెట్లు మొలిచాయి. పల్లెలలో రైతులు ఎక్కడికీ పోలేదు. వారి పొలం ఇక్కడే, బావి ఇక్కడే. గోవా నుంచి వచ్చిన దేశీయ గురువులు వారిని విచారిస్తూ వచ్చారు. చర్చి వారి స్వంతం గనుక ఒక తరం పెంకు తిప్పింది, ఒక తరం దూలం మార్చింది, ఒక తరం గోడ పెంచింది. ఈనాడు వసై పల్లెలలో మనకు కనపడే చర్చీలు చాలావరకు ఇట్లా తరతరాల చేతులు పడినవే. అచ్చంగా మొదటి రాయి వెతికితే తక్కువే దొరుకుతుంది. ఎడతెగని విచారణ మాత్రం దొరుకుతుంది.

పూజ కూడా అంతే. శతాబ్దాల తరబడి ఆ పూజ లాటిన్‌లో జరిగేది. రెండవ వాటికను మహాసభ 1962 నుంచి 1965 వరకు జరిగిన తరువాత ఎవరి భాషలో వారికి పూజ వచ్చింది. ఈ పల్లెల వారు ఆ లాటిన్ కాలమంతా ఇంట్లో తమ మాట విడువలేదు. పేర్లు పోర్చుగీసువే, డిసోజా, డిమెల్లో, లోపెజ్. కాని పొలంలో, వంటింట్లో, పెండ్లిపాటలో వారి కొంకణతీరపు మరాఠీ మాండలికమే. అందువల్ల మరాఠీ పూజ వచ్చిననాడు దానికి జనం సిద్ధంగా వున్నారు.

ఈ నందాఖాల్‌లోనే పుట్టిన ఫాదర్ ఫ్రాన్సిస్ దిబ్రిటో గారి పేరు కొందరు విని వుంటారు. ఆయన ‘సువార్తా’ అనే చిన్న మరాఠీ మాసపత్రికను చాలా ఏండ్లు నడిపారు. వసైలోని తోటలూ బావులూ కట్టడాల పాలు కాకుండా ఆందోళన నడిపారు. బైబిలును ‘సుబోధ్ బైబిల్’ అనే పేర తేట మరాఠీలోకి తెచ్చి, 2013లో సాహిత్య అకాడమీ అనువాద పురస్కారం పొందారు. 2020 జనవరిలో ఉస్మానాబాదులో జరిగిన 93వ అఖిల భారత మరాఠీ సాహిత్య సమ్మేళనానికి అధ్యక్షులుగా కూర్చున్నారు. ఒక క్రైస్తవ గురువు ఆ పీఠం ఎక్కడం అదే మొదలు. 2024 జూలైలో కన్నుమూశారు. 1573 నాటి పల్లె విచారణ నుంచి 2020 నాటి సాహిత్య పీఠం దాకా నడిచిన దారి అది. ఆ దారి పొడుగునా వారి చేతిలో ఒక భాష వున్నది.

ఇక్కడ మరొక్క మాట చెప్పక తప్పదు. గుడి పడగొట్టిన కథా, గంట ఎత్తుకొని పోయిన కథా చెబితే పాత గాయాలు రేగుతాయేమో అని కొందరికి సందేహం కలుగవచ్చు. మనం భివండీలో వున్నవాళ్లం. 1970 మే నెలా, 1984 మే నెలా చూసినవాళ్లు మనలో ఇంకా వున్నారు. పాత కోపం ఎంత తొందరగా అంటుకొంటుందో మనకు ఒకరు చెప్పనక్కరలేదు. అయినా కథ దాచడం మందు కాదు. నేను దాచలేదు, తెలియక యశోదమ్మ అన్నాను. తెలిసిన తరువాత ఆ గంటను ఇంకొక తూరి మ్రోగించాలంటే నాకేమీ సంకోచం కలుగదు. ఆ ముసలి రైతును కూడా అడిగాను: మీ గంటలు మా గుళ్లలో వున్నాయి గదా, మీకు కష్టంగా లేదా అని. ఆయన కొంచెంసేపు ఆలోచించి, “మ్రోగుతున్నాయి గదా” అన్నాడు. ఆ మాటలో బాధ లేదని నేను చెప్పలేను. పగ మాత్రం లేదు.

మన తెలుగుదేశంలో చర్చీలు లేవా అని అడుగుతారేమో. మెదకు చర్చి ఎరుగనివారు మనలో తక్కువ. అది కతోలికులది కాదు, ప్రొటెస్టెంటులది. కరువు కాలంలో కూలి లేక మాడుతున్న జనానికి పని కల్పించి చార్లెస్ వాకర్ పోస్నెట్ దొర పదేండ్లు కట్టించాడు. 1924 డిశెంబరు 25వ తేదీన ప్రతిష్ఠ చేశారు. గోపురం 175 అడుగులు. మన తాతలలో ఆ రాళ్లు మోసినవారుంటే ఆశ్చర్యం లేదు. కతోలికులలో గుంటూరు సీమ ఫిరంగిపురం పాత విచారణ. 1822లో ఆ వూళ్లో పుట్టిన జ్ఞానమ్మ అనే తెలుగు తల్లి, అరవదేశంలోని కీళచ్చేరికి కాపురానికి పోయి, భర్త పోయిన తరువాత ఆడపిల్లల చదువుకు పూనుకొని, 1863లో సెయింటు ఆన్ సోదరీ సంఘానికి పునాది వేసింది. వూరు విడిచిన తెలుగు ఆడబిడ్డ, పరాయి వూళ్లో మొదట తలపెట్టింది బడి. ఆ సంగతి నా మనసుకు బాగా తగిలింది.

ఎందుకంటే, వసై నుంచి బయలుదేరే ముందు ఆ ముసలి రైతు నన్ను కూడా ఒక ప్రశ్న అడిగాడు. మా పిల్లను చూపి, “అమ్మాయి మీ తెలుగు చదువుతుందా?” అన్నాడు.

నేను వెంటనే, “ఇంట్లో తెలుగే మాట్లాడుతుంది” అన్నాను.

“అది కాదు. చదువుతుందా?”

మా పిల్ల తల వంచుకొన్నది. నిజం చెప్పవద్దూ, వంచుకోవలసినది నా తల. దానికి మరాఠీ వచ్చు, హిందీ వచ్చు, ఇంగ్లీషు వచ్చు. ఈ పత్రికను నెలనెలా మా ఇంట్లో బల్లమీద చూస్తుంది. అట్టమీది బొమ్మ చూసి పెట్టేస్తుంది. తాత ఏమి రాశాడో నన్ను అడిగి తెలుసుకొంటుంది. పోర్చుగీసు సమాధిరాయిని అక్షరం అక్షరం చదివి అర్థం కాక నిలిచిన పిల్ల, తెలుగు ముందు అక్షరమే రాక నిలుస్తున్నది. రెంటిలో ఏది ఎక్కువ దూరమో మీరే చెప్పండి.

మన పెద్దలు కరీంనగరం, నల్లగొండ, ఓరుగల్లు సీమల నుంచి చేతిలో కండెతో, నోట్లో తెలుగుతో వచ్చారు. చేతిమగ్గం పోయి మరమగ్గం వచ్చింది. ఇప్పుడు దాని స్థానంలో ఇంకా వేగం గల సాంచెలు వస్తున్నాయి. ఇల్లు కట్టుకొన్నాము, గుడి కట్టుకొన్నాము. ఇవన్నీ గోడలు. గోడలు నిలుస్తాయి, వసై కోటలోనూ నిలిచాయి. నిలవనిది కప్పు. దానిని ఏటేటా తిప్పేవారు వుండాలి. ఇంట్లో మాట్లాడే తెలుగు గోడ అయితే, చదివే తెలుగు కప్పు అని నాకు తోస్తున్నది. మాట ఒక తరం తాను నిలుస్తుంది. చదువు లేకపోతే మరు తరంలో వాన లోపలికి కురుస్తుంది.

నేను ఎవరినీ తప్పు పట్టడం లేదు. పొద్దంతా సాంచెల కాడ నిలబడి వచ్చిన తండ్రి, బొబ్బిన్లు చుట్టి చుట్టి అలసిన తల్లి, రాత్రి కూర్చొని అ ఆ ఇ ఈ దిద్దించగలరా? బళ్లో మరాఠీ, ఇంగ్లీషు నేర్వక పిల్లలకు గడవదు, అవి నేర్వవలసినవే. నా కొడుకుకు నేను నేర్పలేదు. ఆ లోపం నాది. కాని మా ఇంట్లో ముసలివాణ్ణి ఒకణ్ణి ఖాళీగా వున్నాను. మీ ఇండ్లలో కూడా అట్లాంటి తాతలు, నాయనమ్మలు వుండకపోరు.

తిరుగు రైలులో మా పిల్ల కిటికీ దగ్గర కూర్చొని చాలాసేపు మాట్లాడలేదు. ఖర్బావ్ దాటిన తరువాత తన బడిపుస్తకం వెనుక అట్ట నా ముందు పెట్టి, “నా పేరు తెలుగుల రాయి తాతా” అన్నది. రాశాను. దాని క్రింద అది మూడుసార్లు దిద్దింది. రైలు కుదుపుకు గుండ్రాలు చదరాలయినాయి. ఫరవాలేదు.

ఇప్పటికి ఆరు ఆదివారాలయింది. గుణింతాలలో వున్నాము. పైవాడ పిల్లలు ఇద్దరు తోడు వచ్చారు. వస్తామన్నవారిని ఇంకా రమ్మంటున్నాను. పలక, బలపం నేనే ఇస్తాను. ఈ వ్యాసం తనే చదువుతానని మా పిల్ల పంతం పట్టింది. ఎంత కాలం పడుతుందో తెలియదు. అంతదాకా ఈ సంచికను జాగ్రత్తగా దాచి పెట్టమని మా కోడలికి చెప్పాను.

మీరు ఈసారి భీమశంకరం వెళ్లినప్పుడు గంట మ్రోగించే ముందు ఒక్క క్షణం ఆగి ఆ తల్లీ బిడ్డల బొమ్మను చూడండి. ప్రక్కన పిల్లలుంటే అది ఎక్కడిదో చెప్పండి. వీలైన ఆదివారం వసై వెళ్లి రండి. కోటా చూడండి, పల్లే చూడండి. రెండూ చూస్తేనే ఆ కథ పూర్తి అవుతుంది.

సెలవు.